చేతి మీద నంబరు

"ఏయ్ అవ్వా! పిల్లల చేతుల మీద ఏమి రాస్తా ఉండావు?"

తంగవేల్ ఆమె చేతిలోని పెన్ను లాక్కున్నాడు.

అరవనాట సింగానల్లూరులో ఏరు పొంగి వీధులు మునిగితే జనాన్ని కల్యాణ మండపంలో చేర్చారు. ఆ భారమంతా వీధి సంఘం కార్యదర్శి తంగవేల్ నెత్తిన పడింది. రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు. ఓపిక ఎప్పుడో అడుగంటింది.

"అమ్మ పేరు, ఫోన్ నంబరు తంబీ," అంది అవ్వ. "బిడ్డ తప్పిపోతే కావాల కదా."

"ఎట్లా తప్పిపోతారు? లిస్టు ఉండాది, మైకు ఉండాది!"

"నీ లిస్టులో రేషన్ కార్డులు ఉండాయి, బిడ్డలు లేరే. మైకులో నువ్వు అరవంలో పిలుస్తావు. బడికి పోని బిడ్డలకి ఇంటి తెలుగు తప్ప ఏమి తెలుసును?"

తంగవేల్ ఇంట్లోనూ తెలుగే. అయినా మైకు చేతికొస్తే నోటికి అరవమే వచ్చేది. ఉన్న మాట అంటే ఉలుకెక్కువ కదా, అతనికి ఒళ్ళు మండింది.

"పొద్దున్నుంచి బిడ్డలకి పాలపొడి, పాలపొడి అని నా ప్రాణం తీస్తివి. ఇప్పుడు ఇదా? పో అవ్వా, నీకు దండం పెడతా!"

అవ్వ సంచి చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

గంట తిరక్కముందే కళైసెల్వి గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"అన్నా, అన్నం లైనులో నిలబడి ఉంటిని. నా దర్శిని కనపడలే!"

మూడేళ్ళ పిల్ల. మండపం వెనకే వరద కాలువ.

తంగవేల్ మైకులో అరిచాడు. గొంతు పోయేదాకా అరిచాడు. పిల్ల రాలేదు.

జనం కాలువ వైపు పరుగెత్తారు.

అంతలో కళైసెల్వి ఫోను మోగింది.

"అక్కా, పక్క బడి శిబిరం నుంచి. మీ మండపం దగ్గర మా వ్యానులో జనంతో పాటు ఒక పాప ఎక్కేసింది. ఏమడిగినా ఏడుపే. చేతి మీద ఈ నంబరు ఉంటే చేస్తిని."

తంగవేల్ ఉన్నచోటే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తేరుకున్నాక అవ్వను వెతికాడు. ఎక్కడా లేదు.

"ఆ అవ్వ పేరేమి?" అని పాపతో తిరిగొచ్చిన కళైసెల్విని అడిగాడు.

"రక్కమ్మాళ్ అన్నా."

లిస్టు రెండుసార్లు తిరగేశాడు. ఆ పేరే లేదు.

"ఆమెకి ఇల్లేమీ మునగలేదు అన్నా," అంది కళైసెల్వి. "మేట్టుపాళయం నుంచి వచ్చింది. రాస్తా రాస్తా నాకు చెప్పింది."

ఎనిమిదేళ్ళ కిందటి వరదలో, ఇలాంటి శిబిరంలోనే, తెలుగు తప్ప రాని మనవరాలిని పోగొట్టుకుని, ఆ పిల్ల ఈనాటికీ దొరక్క, ఎక్కడ నీళ్ళొచ్చినా తొలి బస్సుకే బయల్దేరి వచ్చే మనిషి రక్కమ్మాళ్.