ముప్ఫై ఒకటో సీసా

"ఇప్పుడు కాదు బాబాయ్. తలుపు తీస్తే వెలుతురు పడుతుంది."

చీకటి గది బయట నిచ్చెన ఆనించి నిలబడ్డ కరెంటు మేస్త్రీ నిట్టూర్చాడు. "నాలుగు నెలలుగా ఇదే మాట తల్లీ. మేడంతా ట్యూబులు మార్చేశాను. ఈ ఒక్క గదే మిగిలింది. మా ఆఫీసరు నన్ను నంజుకు తినేస్తున్నాడు."

"రేపు రా బాబాయ్, నీకు పుణ్యముంటుంది."

అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. లోపల ఆ అమ్మాయి ముప్ఫై ఒకటో సీసాని నల్లదీపం కింద పెట్టింది. కంటికి ఆనని కిరణాలు చిమ్మే దీపం కనక ల్యాబులో దానికా పేరు. వెలిగిస్తే లేత ఊదాగా కనిపిస్తుంది, అంతే.

సీసాలో ఉన్నవి జింకుతో చేసిన అతి చిన్న స్ఫటికాలు. ఒట్టివైతే ఆ కిరణాలకి ఏదో అంతంత మాత్రం వెలుగుతాయి. వాటిలో వెయ్యికి ఒకటో రెండో మాంగనీసు పరమాణువులు దూరిస్తే మాత్రం నారింజ రంగులో భగ్గుమంటాయి. వంటలో ఉప్పు సంగతే ఇక్కడా: తగ్గినా హెచ్చినా గోవిందా. ఆమె చేసిన మొదటి సీసా అలాగే భగ్గుమంది. ల్యాబంతా ముచ్చటపడి ఆమెకి 'నారింజ' అని పేరు పెట్టేసింది. ప్రొఫెసరు గారు మురిసిపోయి ఆ సీసాని వేరే ఊరి ల్యాబుకి పంపించారు.

అక్కణ్ణుంచీ మొదలయ్యాయి తిప్పలు. అదే కొలత, అదే వేడి. అయినా ప్రతి సీసా ముందుదానికంటే డీలా. ముప్ఫై ఒకటోదైతే బొత్తిగా మట్టినీళ్ళలా ఉంది.

తలుపు ఓరగా తీసుకుని ప్రొఫెసరు గారు లోపలికొచ్చారు. "ఏమ్మా, వెలిగిందా?"

"లేదు సార్."

ఆయన వంగి చూసి పెదవి విరిచారు. "వెలుగు కొలిచే మిషను రిపేరు నుంచి వచ్చేదాకా మన కళ్ళే గతి. కళ్ళకేమో ఏమీ కనపడట్లేదు."

"మాంగనీసు డబ్బా మార్చాను సార్. గాజు సామాను కొత్తది తెప్పించాను. నీళ్ళు కూడా మార్చాను."

"అన్నీ మార్చావు. మారనిది నీ చెయ్యొక్కటే." ఆయన గొంతు తగ్గించారు. "కొందరి హస్తవాసి అంతేనమ్మా. సోమవారం నుంచి ఈ పని పక్క బల్ల మౌనస్వామికి ఇస్తున్నాను."

"రెండున్నరేళ్ళు సార్..."

"తెలుసు. నాకూ బాధగానే ఉంది. అప్పగిస్తున్నట్టు కాగితం రాసి సంతకం పెట్టివ్వు."

ఆయన వెళ్ళాక నారింజకి ఏడుపొచ్చింది. పని పోతున్నందుకు కాదు, ఆ రంగు మళ్ళీ చూడలేకపోయినందుకు. గది మూలన పారేసే సీసాల కోసం పెట్టిన గాజులాంటి ప్లాస్టిక్ డబ్బా ఉంది. నిండితే గానీ ఎవరూ పట్టుకెళ్ళరు. మిగతా ఇరవై తొమ్మిదింటి మీద ముప్ఫై ఒకటోదాన్నీ పడేసింది.

మర్నాడు పొద్దున్నే స్టూలు లాక్కుని కాగితం ముందు కూర్చుంది. తలుపు చప్పుడైంది.

"తల్లీ..."

"రా బాబాయ్. ఇంక ఎంత వెలుతురొచ్చినా ఫర్వాలేదు."

మేస్త్రీ నిచ్చెన వేసుకున్నాడు. "ఏంటలా ముఖం వేలాడేశావు?"

"నా చేతికి వెలుగు రాదంట బాబాయ్."

"నా చేతికొచ్చేదే అదొక్కటి," అంటూ అతను నవ్వి పైకెక్కాడు.

పైకప్పుకి ఉన్న రెండు ట్యూబులూ మార్చాడు. ఆమె 'నా వల్ల కాలేదు' అని రాసి, కొట్టేసి, మళ్ళీ అదే రాసింది. అతను నిచ్చెన బల్ల దగ్గరికి జరిపాడు.

"లిస్టులో ఈ నల్లదీపం గొట్టం కూడా ఉంది తల్లీ. ఏడాదికోసారి మార్చాలని దీని మీదే రాసుంది. దుమ్ము చూస్తే రెండేళ్ళదిలా ఉంది."

ఆమె తలెత్తలేదు. "మార్చెయ్ బాబాయ్."

కాసేపు స్క్రూల చప్పుడు. "అయిపోయింది. పై లైట్లార్పి ఓసారి చూస్తానుండు."

"ఒక్క క్షణం. సంతకం పెట్టేస్తాను."

పెట్టేసింది. అతను లైట్లార్పి, నల్లదీపం స్విచ్చి నొక్కాడు.

మూలనున్న చెత్తడబ్బా నారింజ రంగులో భగ్గుమంది.