అమ్మకు నాలుగు రోజుల సెలవు

అత్తగారు పడవ దిగనన్నారు.

మిగతా వాళ్లంతా దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని తెల్లటి ఇసుకలో నడుస్తున్నారు. ఎదురుగా కొబ్బరిచెట్లు. వాటి కింద వరసగా కాటేజీలు. ఆరేళ్ల మనవరాలు అప్పుడే మోకాళ్ల లోతు నీళ్లలో గెంతుతోంది.

"తల తిరుగుతోంది బాబూ. ఇదే పడవలో వెనక్కి వెళ్లిపోతాను. మీరు హాయిగా ఉండి రండి" అన్నారు ఆవిడ అల్లుడితో.

అల్లుడికి కళ్లద్దాల షాపు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటమే అతని పని. ఆవిడ కళ్లలో ఉన్నది తలతిప్పు కాదని, భయమని చూడగానే పట్టేశాడు.

"ఎక్కడికో చెప్పకుండా తీసుకొస్తే ఇంతే మరి" అని భార్య మీద విసుక్కున్నాడు.

ఆమె వినిపించుకోలేదు. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని దింపేసింది. "నాలుగు రోజులే కదమ్మా. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా సెలవు తీసుకున్నావా నువ్వు?"

అత్తగారు రిసెప్షన్‌లోకి రాలేదు. బయటే, వీపు తిప్పుకుని నిలబడ్డారు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా గొడుగు వెయ్యందే కదల్లేదు. చెట్ల నీడలో కూడా భుజాల దాకా దించేసుకున్నారు.

"అమ్మమ్మా, గొడుగు లోపల వానొస్తోందా?" అంది మనవరాలు. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప.

మంచం మీద పడుకోమంటే మెత్తటి పరుపు నడుముకు పడదంటూ కింద దుప్పటి పరుచుకున్నారు. తెల్లారి వీళ్లు లేచి మొహం కడుక్కొచ్చేసరికి మంచాలన్నీ సర్దేసి ఉన్నాయి. దుప్పట్ల మీద ఒక్క ముడత లేదు.

"పక్కలు నువ్వెందుకు సర్దావమ్మా? సర్దేవాళ్లున్నారుగా!" కూతురు కసురుకుంది.

కాసేపటికి గది శుభ్రం చేసే అమ్మాయి తలుపు తట్టింది. అత్తగారు గబగబా బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు. ఆ అమ్మాయి వెళ్లేదాకా లోపల కుళాయి పారుతూనే ఉంది.

"మీ అమ్మగారికి ఒంట్లో బాగోలేదేమో" అన్నాడు అల్లుడు.

"బాగానే ఉంది" అంది భార్య ముక్తసరిగా.

రెండో రోజు భోజనాల హాల్లో, సరిగ్గా మధ్యనున్న బల్ల దగ్గర తల్లిని కూర్చోబెట్టింది. మూల బల్ల ఖాళీగా ఉందన్నా ఊరుకోలేదు. అంతలో మాసిన దుప్పట్ల బండి తోసుకుంటూ నెరిసిన జుట్టుతో ఒకాయన అటుగా వచ్చాడు. అత్తగారిని చూసి టక్కున ఆగిపోయాడు. అతని మొహం విప్పారింది. ఆవిడ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. అతను తల దించుకుని బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

అల్లుడు చూశాడు. చూడనట్టు నీళ్లు తాగాడు.

మూడో రోజు మధ్యాహ్నం పాప బంతి ఎక్కడో పడిపోతే వెతుక్కుంటూ అల్లుడు దుప్పట్లు ఉతికే షెడ్డు వెనక్కి వెళ్లాడు. తాళ్ల మీద తెల్లటి దుప్పట్లు ఆరుతున్నాయి. వాటి కింద నాలుగు పాదాలు కనిపించాయి. అందులో రెండు అత్తగారివి.

"మా అమ్మాయికి తెలిస్తే నేను తలెత్తుకోలేను."

"ఇన్నేళ్లలో ఎవరికైనా చెప్పానా?" మగగొంతు.

అతను బంతి సంగతి మర్చిపోయి వెనక్కి తిరిగాడు. మామగారు పోయేనాటికి తన భార్యకి నాలుగేళ్లు. హాస్టల్లో పెరిగింది. వాళ్లమ్మ ఎక్కడో దూరాన ఆఫీసులో ఉద్యోగం చేస్తూ ఏడాదికోసారి వచ్చేదట. ఏ ఊరంటే మాట మార్చేదట. ఎందుకు మార్చేదో ఇప్పుడు అర్థమైంది.

భార్య ఇసుకలో పాపతో ఆడుతోంది. పక్కకి పిలిచాడు. "సాయంత్రం పడవకి వెళ్లిపోదాం. ఎందుకని మాత్రం అడక్కు."

"దుప్పట్లాయనతో అమ్మ మాట్లాడటం చూశారా?"

అతను గొంతు తగ్గించాడు. "నీకు తెలుసా?"

"తెలిసే తీసుకొచ్చాను."

"కన్నతల్లిని ఇలా క్షోభ పెట్టడానికా? నీది మనసా, బండరాయా?"

ఆమె కళ్లు తుడుచుకుని, పాపని ఎత్తుకుని కాటేజీ వైపు నడిచింది. అతనూ వెంట వెళ్లాడు.

లోపల అత్తగారు సంచీ సర్దుకుంటున్నారు.

కూతురు సంచీ లాగేసింది. మంచం మీది దుప్పటి తొలగించింది. "పడుకో అమ్మా. ఒక్క పూట."

"నావల్ల కాదే."

"ఎందుకు కాదు?"

ఆవిడ మళ్లీ సంచీ అందుకోబోయారు. కూతురు అడ్డం నిలబడింది. "తొమ్మిదో క్లాసు సెలవుల్లో నీ పెట్టెలో ఫొటో చూశాను. అప్పట్నించీ తెలుసమ్మా నాకు."

అత్తగారు నేల మీద కూలబడ్డారు. "మరి ఇన్నాళ్లూ ఒక్క మాటైనా అనలేదేమే?"

"నువ్వు దాచుకున్నావుగా."

అల్లుడు ఇక పట్టలేకపోయాడు. "చాల్చాలు! ఆ ఫొటోలో ఆవిడ పక్కన ఎవరుంటే ఏంటి? ఎప్పుడో అయిపోయిన సంగతి. ఒంటరి మనిషి, చిన్న వయసు. అమ్మని నిలదియ్యడానికి నువ్వెవరు?"

తల్లీ కూతుళ్లిద్దరూ అతని వంక అయోమయంగా చూశారు. భార్య నేల మీద కూర్చుని తల్లి అరచేతిని తన చెంపకి ఆనించుకుంది.

"పక్కన ఎవరూ లేరండీ, ఇదే గుమ్మంలో ఈ కాటేజీల పేరున్న యూనిఫాం వేసుకుని, చీపురు పట్టుకుని మా అమ్మ ఒక్కతే ఉంది."