పెట్టె పక్కన కుర్చీ

మాట్లాడే వైద్యపు పెట్టెలు వచ్చాక కన్ను, పన్ను, కాన్పు, గుండె అన్నిటికీ ఊళ్లో ఒక్క గదిలోనే వైద్యం. కొండగూడెం పెట్టెకు ఊరి మాట నేర్పింది నర్సు కోసమ్మే. అది నేర్చేసుకున్నాక ఆమెకు దాని అద్దం తుడిచే పని మిగిల్చారు. ఒక్క రోగి చెయ్యి పట్టుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

“ఏటి మామ్మా, నొప్పెక్కడ?” అంది పెట్టె.

“నాకేటి? రాయిలాగున్నాను,” అంది గోడ పట్టుకుని వచ్చిన ముసలి గంగులు మామ్మ.

రోగి నొప్పని చెప్పిన చోటే చూసే పెట్టె ఆమెను ఇంటికి పొమ్మంది.

కీడని, కొత్తబియ్యం వండేదాకా ఆ ఊళ్లో ఎవరూ రోగం పేరెత్తరు; ఈ ఏడు ఇంకా వండలేదు. ఆ సంగతి పెట్టెకు నేర్పడం కోసమ్మే మరిచింది. పరుగున పోయి మామ్మ చెయ్యి పట్టుకుంది. నాడి తప్పుతోంది.

“కూకో మామ్మా. నువ్వేటీ సెప్పకు.”

“అమ్మో, ఇన్నాళ్లకి ఎచ్చటి సెయ్యి!” అంది మామ్మ.

“ఎలాగ తెలిసింది? నాకూ నేర్పు,” అంది పెట్టె.

“నేర్పను. ముందు మందియ్యి. రేపట్నించి నీ పక్కన నాకూ కుర్సీ ఎయ్యాల,” అంది కోసమ్మ, ఆ చెయ్యి వదలకుండా.