గురువమ్మ ఒంపు

"మీ చీర ఇక్కడ వదలొద్దు!" చేపలమ్మే ముసలామె తమిళంలో అరుస్తూ అడ్డొచ్చింది.

చేతిలో కొత్త చీరతో ఒడ్డున నిలబడ్డ రామకృష్ణన్ మండిపడ్డాడు. "మానం కోసం ఇక్కడ దూకిన గురువమ్మ మా ఇంటి దేవత. ఈ సముద్రపు ఒంపుకు ఆమె పేరే. ఏటా కోవిల్‌పట్టి నుంచి వచ్చి చీర పెడతా ఉండాము. అడిగేదానికి నువ్వెవరు?"

"పేరు పెట్టినోళ్ళం. ఆమె దూకలేదు, మీవాళ్ళే తోసినారు. మీరు దాచేస్తారనే మా తాతలు ఆ పేరు పెట్టినారు."

ఆయన చీరను అలల్లోకి విసిరేశాడు. "సంగవీ, నడు. తిరిగి చూడకూడదు," అన్నాడు తమ్ముడి కూతురితో, ఇంటి తెలుగులో. చీర వదిలాక తిరిగి చూడకపోవడం తరాల ఆచారం.

"ఆ పొద్దూ ఇట్లే పోయినారు," ముసలామె గొంతు వెంటాడింది. "ఆ పిల్ల కేకలేస్తా ఉన్నా ఒక్కడూ తిరిగి చూళ్ళేదు."

సంగవి కాళ్ళు ఆగిపోయాయి. పెదనాన్న పట్టిన చెయ్యి విదిలించుకుని వెనక్కి తిరిగింది.

చీర ఇంకా మునగలేదు.