గోల్ ముందు మట్టి

బంతి కోసం దూకిన గోల్‌కీపర్ రితేష్ లేచేసరికి, అతని మోచేతిలో వేలెడు గాజుపెంకు దిగి ఉంది.

ఇబ్రహీంపట్నం గ్రౌండులో ఫుట్‌బాల్ ఫైనల్ ఆగిపోయింది. అభిమానుల్లోంచి తండ్రి ఎల్లేశ్ పరుగెత్తుకొచ్చి చేతికి కండువా చుట్టాడు.

కెప్టెన్ సుశాంత్ గోల్ ముందు మట్టిని కాలితో కెలికాడు. ఇంకా పెంకులున్నాయి.

"ఇది బేస్‌బాల్ పిల్లల పనే! మన గ్రౌండుల సగం ఇస్తే గిట్లనే అయితది!"

బేస్‌బాల్ కోచ్ నవత ముందుకొచ్చింది. "నిన్న మేం ఆడనే లేదు తమ్మీ. మా పిల్లలు నిలబడి బంతి విసిరే దిబ్బను తవ్వి, ఆ మట్టితోని గోల్ ముందు గుంతలు పూడ్చినం. సగం గ్రౌండు ఇచ్చేటప్పుడు, మీ మ్యాచ్ ముందురోజు గట్ల చెయ్యాలని షరతు పెట్టింది మీరే గద."

సుశాంత్ తగ్గాడు. "అంటే గాజు ఆ దిబ్బల ఉండెనా?"

"అవ్. బంతి విసిరే మా సాయిశ్రీ చెప్పుల్లేకుండనే ఆ దిబ్బ ఎక్కుతది. ఆమె కోసమే ఎవడో పెట్టిండు."

రితేష్ మూలిగాడు. "బాపూ, జర గట్టిగ పట్టు. కండువా ఎందుకు వదిలిపెట్టినవ్?"

ఎల్లేశ్ తలెత్తలేదు.

"మొన్న నేనే పెట్టిన కొడుకా. ఆ పిల్లల కాళ్లు తెగితే మళ్ల ఇటు రారనుకున్న. షరతు పెట్టింది గూడ నేనే. వాళ్లు మాట మీద నిలబడుతరనుకోలే."