నాలుగు కర్పూరం బిళ్లలు

స్టీలు పళ్లెంలో కర్పూరం బిళ్ల మండుతోంది.

"ఫ్యాన్ ఆపమ్మా సింధూరా, ఆరిపోద్ది," అన్నారు మా మావయ్యగారు.

ఆపాను.

మా ఇంట్లో దేవుడి గది లేదు. మావయ్యగారు బసవపున్నారావుగారు నలభై ఏళ్లుగా నాస్తికులు. నూజివీడులో ఎక్కడ మైకు దొరికినా ఆయనది ఒకటే మాట.

"దేవుడు ఉన్నాడన్నవాడే రుజువు చూపించాలి. లేడన్నవాడికి ఆ బాధ్యత లేదు."

ఆ మాట నాకూ నచ్చుతుంది. పెళ్లిచూపుల్లో ఆయన నోట అది విన్నాకే ఈ సంబంధానికి సరేనన్నాను.

ఇంట్లో కర్పూరం లేక, పక్కింటి కనకమ్మగారిని అడగాల్సి వచ్చింది. నాలుగు బిళ్లలు చేతిలో పెట్టి, "మొత్తానికి మీ మావగారు మారారన్నమాట," అని సంబరపడిందావిడ.

అడిగింది నేనే. తెచ్చిందీ నేనే.

మావయ్యగారి ఉంగరం పోయింది. బయటివాళ్లలో ఇంట్లోకి వచ్చి, మామిడికాయలు మాగేసిన గదిలోకి రోజూ వెళ్లేది మంగమ్మ ఒక్కతే. గడ్డి తిరగేసి, పండిన రసాలు ఏరేది మంగమ్మ. కాబట్టి తీసింది కూడా మంగమ్మే.

"నేను తియ్యలేదండి అయ్యగారూ."

"తియ్యలేదని రుజువేంటి? కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యి."

పదిహేనేళ్లుగా మా తోటలో పనిచేస్తున్న మనిషి. ఆయన వంక వింతగా చూసింది.

"తమరు దేవుడు లేడంటారు కదండీ?"

"నాకు లేడు. నీకున్నాడుగా."

మంగమ్మ అరచెయ్యి మంట మీద పెట్టి అదిమింది.

చెయ్యి తియ్యడానికి తొందరపడలేదు.

గదిలో కర్పూరం వాసన. దాని అడుగున ఇంకో వాసన.

ఆమె గేటు దాటకముందే మావయ్యగారు పేపరు విప్పారు.

"వీళ్లు దేన్నైనా ఆర్పేస్తారు. ఇదీ ఒక రుజువేనా? రేపట్నుంచి రావద్దని చెప్పమ్మా."

మూడో రోజుకి ఇల్లంతా పులిసిన కంపు.

ఏరేవాళ్లు లేక పళ్లు కుళ్లి గడ్డిలోకి కారాయి. ముసురుకున్న ఈగలు. ముక్కుకి కొంగు చుట్టుకుని, గడ్డి నేనే ఎత్తిపోశాను.

మూలన, గడ్డి అడుగున, చీకి పారేసిన టెంకలు ఆరు. బూజు పట్టి, చీమలు పట్టి.

వాటి మధ్య ఉంగరం.

మావయ్యగారికి షుగరు. మామిడిపండు ముట్టరు. ముట్టనని చెబుతారు. షుగరు మిషన్ మూడు వందల పది చూపిస్తే, మిషన్ పాడైందంటారు. ఈ మధ్య బాగా చిక్కారు. ఉంగరం వదులైతే దారం చుట్టి పెట్టుకున్నారు.

ఆ దారం రసం పీల్చుకుని పసుప్పచ్చగా ఉంది.

కడగలేదు. టెంకలతో సహా అదే స్టీలు పళ్లెంలో వేశాను. మంగమ్మకి ఫోన్ చేసి రమ్మన్నాను.

వచ్చింది. చేతికి గుడ్డ చుట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

పళ్లెం తీసుకెళ్లి మావయ్యగారి ముందు పెట్టాను.

"చూశావా, గడ్డిలో దాచింది!" అన్నారాయన.

"మరి ఈ టెంకల సంగతి?"

"అవీ తనే తినుంటుంది. నేను తిన్నానని రుజువేంటి?"

 

టెంకలు ఒక పక్కకి నెట్టి, పళ్లెంలో రెండో బిళ్ల వెలిగించాను. ఫ్యాన్ ముందే ఆపి ఉంచాను.

"మామిడిపండు తినలేదని ఆర్పండి మావయ్యగారూ. మీకెలాగూ దేవుడు లేడు. కాలితే చెయ్యి ఒక్కటే కాలుతుంది."

ఆయన మంట వంక చూశారు. మంగమ్మ చేతి గుడ్డ వంక చూశారు.

తర్వాత మెల్లగా లేచారు.

"అబ్బ, ఏం ఉక్కపోతమ్మా," అంటూ వెళ్లి ఫ్యాన్ వేశారు.

మంట ఒక పక్కకి వంగి ఆరిపోయింది.

మంగమ్మ గుమ్మం దిగలేదు.

నేను వెళ్లి ఫ్యాన్ ఆపాను.

ఇంకా రెండు బిళ్లలున్నాయి.