తాళాన్ని మరిచిన కారు

“కోడ్ చదవను నాన్నా. ఎంత అరిచినా చదవను.”

కూతురు స్క్రూడ్రైవర్‌ను బల్ల మీద పెట్టేసింది. తాడు కట్టి లాగించుకొచ్చిన కారు ఆమె రిపేరు షెడ్డు మధ్యలో నిలబడి ఉంది. తాళం తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవడం లేదు.

“దీని బుర్ర నా తాళాన్ని మరిచిపోయిందే! కంట్రోల్ పెట్టె ఊడదీసి, లోపలున్న కోడ్ చదివి, మళ్ళీ గుర్తు చేయించు. నీకదెంత పని? సాయంత్రం మా స్నేహితుడి ఇంటికి నేనే నడుపుకుంటూ వస్తానని మాటిచ్చాను,” అన్నాడు తండ్రి, నల్లకళ్ళద్దాలు సవరించుకుంటూ.

“బండి ఎవరి పేరున ఉంది?”

“మీ అమ్మ పేరున. అయితే?”

కూతురు గోడవైపు వేలు చూపించింది. ‘బండి ఎవరి పేరున ఉందో వారు స్వయంగా వచ్చి అడిగితేనే కోడ్ చదవబడును.’ షాపు తెరిచిన రోజున ఆయనే దగ్గరుండి రాయించిన అక్షరాలవి.

“అది దొంగల కోసం రాయించానే, కన్నతండ్రి కోసం కాదు! సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్పిందెవరు నీకు?”

“నువ్వే. మొహం చూసి కోడ్ ఇవ్వకూడదని నేర్పిందీ నువ్వే. వెళ్ళి అమ్మను తీసుకురా.”

తన బండి కోసం కాచుకుని కూర్చున్న టాక్సీ డ్రైవరు కిసుక్కున నవ్వాడు. “ఏం పెద్దాయనా, సొంత కూతురి దగ్గరే చెల్లలేదే మీ మాట!”

తండ్రి చటుక్కున అతనివైపు తిరిగాడు. కోపమంతా ఎటు పోయిందో, ఛాతీ ఇంత పొంగింది.

“చెల్లకూడదయ్యా! నన్నే ఆపిందంటే ఇంకెవణ్ణి వదుల్తుంది? దేవుడు నాకు కూతుర్నిచ్చాడా, ఈ షాపుకు కాపలా ఇచ్చాడా? నీ బండి నిశ్చింతగా వదిలి వెళ్ళు!”

మెట్టును కాలితో తడుముకుని దిగి, తల ఎత్తుకుని ఇంటిదారి పట్టాడు.

ఆయన మలుపు తిరిగేదాకా చూసి, కూతురు వెనక గదిలోకి వెళ్ళి ఫోన్ తీసింది.

“అమ్మా, నాన్న నీకోసం వస్తున్నాడు. ఆపరేషన్ చేసిన ఆయన కన్ను కుదుటపడేదాకా, మోకాళ్ళ నొప్పులని చెప్పి గడప దాటకు. మనల్ని దేవుడు తప్పుపట్టడుగా? కోడ్ చదివి కారు బుర్రలోంచి ఆయన తాళాన్ని చెరిపేసింది నేనే అయినా, మొన్న స్వయంగా వచ్చి అడిగింది బండి ఓనరే కదా!”